నాంపల్లి లాడ్జా, మియాపూర్ అపార్ట్‌మెంటా?

ఆసుపత్రికో, ఇంకో పని మీదో హైదరాబాద్ వచ్చి ఎక్కడ దిగాలా అని చూసేవాళ్లు, ఇద్దరు మనుషులు, రెండు రోజుల పని అయితే పెద్దగా ఆలోచించక్కర్లేదు. నాంపల్లి, లక్డీకాపూల్ వైపు శుభ్రంగా ఉన్న లాడ్జి చూసుకుని దిగిపోవచ్చు. విశాఖ నుంచి వచ్చే గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లారేసరికి నాంపల్లిలో దింపుతుంది. 24 గంటల లెక్కన గది ఇచ్చే లాడ్జి దొరికితే పొద్దున ఆరింటికి తాళం తీసుకున్నా మర్నాడు ఆరింటిదాకా గది మీదే. మెట్రో పక్కనే. నిలోఫర్ పిల్లల ఆసుపత్రి, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఆ చుట్టుపక్కలే.

మనుషులు నలుగురై, పని వారం పట్టేలా ఉన్నప్పుడే అసలు తిరకాసు. అప్పుడు మియాపూర్, కొండాపూర్ వైపు రోజు అద్దెకిచ్చే అపార్ట్‌మెంట్ల మీదికి మనసు పోతుంది.

లాడ్జి గది 1,600 అనుకుందాం. నలుగురికి రెండు గదులు, అంటే 3,200. శివారులో డబుల్ బెడ్‌రూమ్ 2,800కి దొరికిందనుకోండి. మిగిలిన ఆ 400 క్యాబ్‌కే చాలవు. కాబట్టి అద్దె తక్కువని అంత దూరం వెళ్లడం దండగ. నిజంగా కలిసొచ్చేది వంటింట్లో. నలుగురూ మూడు పూటలా బయట తింటే రోజుకి వెయ్యి, పన్నెండొందలు ఇట్టే ఎగిరిపోతాయి. డబ్బు సంగతి పక్కన పెట్టినా, ఆపరేషనై వచ్చిన మనిషికి హోటల్ సాంబారు ఎన్నాళ్లు పెడతాం? మెత్తటి అన్నం, మిరియాల చారు, ఉప్పూకారం తగ్గించిన కూర కావాలి. నన్నడిగితే నాలుగో రోజు దాటాక వంటిల్లున్న ఇల్లే మేలు.

కాకపోతే ఆ వంటింటి ఫొటో ముందే తెప్పించుకోండి. మా పెద్దమ్మ మోకాలి ఆపరేషన్‌కి మేం దిగిన చోట 'కిచెన్ ఉంది సార్, అన్నీ ఉన్నాయి' అన్నారు. తీరా చూస్తే ఇండక్షన్ స్టవ్, దాని మీద వేడెక్కని అల్యూమినియం కుక్కర్, దానికి గాస్కెట్ లేదు, నాలుగు టీ స్పూన్లు. గరిటె అన్నదే లేదు. కేర్‌టేకర్ కుర్రాణ్ని అడిగితే, 'ఇంతవరకూ ఎవరూ వండలేదు సార్' అన్నాడు, తప్పు మాదే అన్నట్టు! ఇంటి నుంచి ఇండక్షన్‌కి పనికొచ్చే చిన్న స్టీల్ కుక్కర్, ఓ గరిటె తెచ్చుకుంటే ఆ టెన్షన్ ఉండదు. ఎండాకాలమైతే నీళ్ల సంగతి కూడా అడగాలి. ఆ వైపు చాలా అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ల మీదే నెట్టుకొస్తాయి.

ఇక దూరం. మియాపూర్ మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే చోట ఇల్లు దొరికితే దాన్ని దూరమని నేననను. అమీర్‌పేట, నిమ్స్ ఉన్న పంజాగుట్ట, నాంపల్లి, ఎల్బీనగర్ దాకా ఒకటే రైలు. రాత్రి పదకొండు దాటాక మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. కొండాపూర్‌కి మెట్రో లేదు. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ అక్కడి నుంచి ఊళ్లోకి రావాలంటే దేవుడే దిక్కు. అయితే పని గచ్చిబౌలి ఆసుపత్రిలోనో, 2023లో నానక్‌రామ్‌గూడకి మారిన అమెరికా కాన్సులేట్‌లోనో ఉంటే కొండాపూరే దగ్గర, నాంపల్లి దూరం. తెలంగాణ ఆధార్ ఉన్న ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కాబట్టి రోజూ తిరిగే ఖర్చూ తగ్గుతుంది. ఆంధ్రా నుంచి వచ్చేవాళ్లకి ఆ వెసులుబాటు లేదు.

ఆఫీసులో ఖర్చులు క్లెయిమ్ చేసుకునేవాళ్లు బిల్లు ఇస్తారో లేదో ముందే తేల్చుకోవాలి. చిన్నచిన్న అపార్ట్‌మెంట్ల వాళ్లు చాలామంది యూపీఐ స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టేస్తారు. లాడ్జిలో బిల్లు ఇస్తే జీఎస్టీ గడి చూడండి: రోజుకి 7,500 లోపు గదులకి 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే. ఇంకా పాత 12 శాతం వేస్తే అక్కడే అడగండి.

బంజారాహిల్స్ ఆసుపత్రుల్లో పనుంటే మాత్రం రెండు వైపులా వెళ్లకండి. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ గల్లీల్లో వంటిల్లున్న వాటా దొరుకుతుందేమో ముందు వాకబు చేయండి, అద్దె నాలుగు వందలు ఎక్కువైనా సరే.