అమరావతి శిల్పాల కోసం లండన్ దాకా

గుంటూరు నుంచి గంట ప్రయాణం చేస్తే అమరావతి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అక్కడి బౌద్ధ స్తూపం శిల్పాలు చూపించడానికి మా నాన్నగారిని లండన్ తీసుకెళ్ళాను.

ముందు బస గురించి చెప్పాలి. కింగ్స్ క్రాస్ దగ్గర రోజుకు 95 పౌండ్లకు గది బుక్ చేసి, ఫొటోలు నమ్మి మోసపోయాను. ఇచ్చింది నేలమాళిగలో గది. కిటికీ తెరిస్తే ఎదురుగా గోడే. లిఫ్ట్ లేదు. మోకాళ్ళ నొప్పుల మనిషి 18 మెట్లు దిగాలి. మూడింటి దాకా తాళం ఇవ్వకుండా, సామాను ఉంచినందుకు పెట్టెకు 6 పౌండ్లు వసూలు చేశారు. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు గది ఏ అంతస్తులో ఉందో ముందే మెయిల్‌లో అడగండి. ఆ రాత్రి నాన్నగారు నాతో మాట్లాడలేదు.

మర్నాడు లండన్ టవర్. మనిషికి 35 పౌండ్ల దాకా అయింది. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే కోహినూర్‌ను కదిలే బెల్టు మీద నిలబడి కొన్ని సెకన్లు చూశాం. 1849లో పదేళ్ళ దులీప్ సింగ్ చేత సంతకం పెట్టించుకుని తీసుకున్న వజ్రం అది. దానికోసమే అయితే అంత డబ్బు పెట్టకండి.

బ్రిటిష్ మ్యూజియం ప్రవేశం ఉచితం. 33వ గది చివర అమరావతి శిల్పాలున్న 33ఎ ఉంటుంది. అది తెరిచి ఉందో లేదో చూసుకుని వెళ్ళండి. లోపల అద్దాల వెనుక మన పలనాటి సున్నపురాయి! 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ అమరావతిలో ఆ స్తూపం దిబ్బ చూసేనాటికే అక్కడి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు కట్టడాల కోసం రాళ్ళు తవ్వుకుంటున్నారు. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ శిల్పాలను తవ్వించి మద్రాసు పంపాడు, 1859లో వాటిని లండన్‌కు తరలించారు. మనవాళ్ళు పాడుచేస్తుంటే దొరలు కాపాడారని కొందరంటారు. నేను ఒప్పుకోను. మద్రాసులో ఆ రాళ్ళు ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ ఆరుబయటే పడి ఉన్నాయి. ఇప్పుడు తిరిగి ఇవ్వమంటే 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం అడ్డం అంటారు. చేసుకున్నది వాళ్ళే కదా, మార్చుకోలేరా?

ఒక పలక మీద స్తూపాన్నే చెక్కారు. గుమ్మటం, సింహాలు, పూర్ణఘటాలు, అన్నీ ఉన్నాయి. "మన ఊళ్ళో దిబ్బ మిగిలింది. అది ఎలా ఉండేదో ఇక్కడ చూస్తున్నానురా" అన్నారు నాన్నగారు. కళ్ళు తుడుచుకున్నారు.

శుక్రవారం మ్యూజియం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచే ఉంటుంది, రద్దీ తక్కువ. ఆ రోజు పడవ షికారు మానుకుని మళ్ళీ అక్కడికే వెళ్ళాం. మూసేస్తున్నామని చెప్పేదాకా ఆయన ఆ పలక ముందు నుంచి కదల్లేదు.