సముద్రం పక్కన ఏసీ: ఐదు వేసవుల తర్వాత రిమోట్ మీది అంకె గురించి

కొన్న మొదటి వేసవిలో 24 పెట్టుకుని పడుకున్నా, తెల్లారి లేచేసరికి దిండు గలీబు చెమ్మగా తగిలేది. 22కి దించితే అత్తయ్య దుప్పటి మీద దుప్పటి కప్పుకునేవారు. నా మెడ దగ్గర జిడ్డు మాత్రం పోయేది కాదు. చలి వేస్తూనే ఉక్కపోయడం ఏమిటో చాలా రోజులు అర్థం కాలేదు.

మాది లాసన్స్ బే కాలనీ, పై అంతస్తు. నెత్తిన స్లాబ్, ఎదురుగా ఉప్పుగాలి. 2021 మార్చిలో ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ తీసుకున్నాం, చల్లగాలితో పాటు వేడిగాలి కూడా ఇచ్చే రకం. విశాఖలో వేడిగాలి ఎందుకండీ అని కొట్లో అబ్బాయే అడిగాడు. డిసెంబరు, జనవరిలో అత్తయ్యకి మోకాళ్లు పట్టేస్తాయి, అందుకే తీసుకున్నాం. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పేదంతా థర్మోస్టాట్ గురించి, దాని సెట్టింగుల గురించి. ఏ కంపెనీ ఏసీ అయినా ఇవి దాదాపు ఇలాగే ఉంటాయి.

థర్మోస్టాట్ అంటే మావారికి ఇప్పటికీ ఉక్కునగరం క్వార్టర్లో వాళ్లింట్లో ఉండే పాత విండో ఏసీ గుండ్రటి మీటే గుర్తు. దాని వెనక సన్నటి రాగి గొట్టం, దాని కొసన గ్యాస్ నింపిన బుడిపె. గాలి వేడెక్కితే గ్యాస్ వ్యాకోచించి టక్కున స్విచ్ కలిపేది, చల్లబడితే మళ్లీ టక్కున విడదీసేది. మధ్యలో రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయ్యేది. ఇప్పటి ఏసీలో ఆ పని మిరియపు గింజంత నల్లటి సెన్సర్ చేస్తుంది. దాని పేరు థర్మిస్టర్. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, తగ్గుతుంది. బోర్డు ఆ అంకెను చదివి కంప్రెసర్ వేగం ఎంత ఉండాలో తేలుస్తుంది. ఇన్వర్టర్ ఏసీ పాతదానిలా మాటిమాటికీ ఆగి మొదలవదు, గది చల్లబడ్డాక వేగం తగ్గించుకుని మెల్లగా తిరుగుతూ ఉంటుంది.

ఆ గింజ ఉండేది ఏసీ డబ్బాలోనే, ముందు మూత వెనక, గాలి లోపలికి లాగే చోట. అంటే నేల నుంచి ఏడెనిమిది అడుగుల పైన. ఎండకి కాగిన మా స్లాబ్ రాత్రి పదకొండు దాకా వేడి దించుతూనే ఉంటుంది. 2022 మేలో ఒక చిన్న డిజిటల్ గడియారం కొన్నాను, ఉష్ణోగ్రతా తేమ శాతమూ రెండూ చూపించేది. ముందు ఏసీ పక్కన మేకుకు తగిలించాను, తర్వాత దిండు పక్కన పెట్టాను. రెండు చోట్లకీ దాదాపు మూడు డిగ్రీల తేడా! మనం నిద్రపోయే చోట కాకుండా బల్లులు తిరిగే చోట కొలిచి, ఆ అంకె కోసం రాత్రంతా మిషన్ తిరుగుతోందన్నమాట.

దీనికి విరుగుడు మా రిమోట్‌లోనే ఉందని ఏడాదికి గానీ కనిపెట్టలేదు. మాదాంట్లో దాన్ని ఐ ఫీల్ అంటారు, కొన్ని కంపెనీలు ఫాలో మీ అంటాయి. ఆ బటన్ నొక్కితే కొలిచే పని రిమోట్‌లో ఉన్న సెన్సర్‌కి వెళ్తుంది. కొన్ని నిమిషాలకోసారి రిమోట్ తనున్న చోటి ఉష్ణోగ్రతను ఏసీకి పంపుతూ ఉంటుంది. అది పెట్టుకున్న మొదటి రాత్రే 26 అంటే ఏమిటో ఒంటికి తెలిసింది. దిండు దగ్గర నిజంగా 26.

అయితే రిమోట్ ఎక్కడ పెడుతున్నామో చూసుకోవాలి. ఒక రాత్రి మావారు దాన్ని వైఫై రౌటర్ పక్కన పెట్టి పడుకున్నారు. రౌటర్ వేడికి రిమోట్ గది 29 ఉందనుకుంది. ఏసీ తెల్లవార్లూ ఆగకుండా కొట్టింది. మూడింటికి అత్తయ్య లేచి, "ఏటమ్మా ఇది, గదిలో మంచు పడుతోందేటి?" అన్నారు. ఆ మర్నాడు మంచం తలవైపు కోడుకి దిండు ఎత్తున ఒక గుడ్డ సంచి కట్టాను, రిమోట్ ముఖం బయటికి కనిపించేలా. రిమోట్ నుంచి ఏసీ దాకా అడ్డు లేకుండా ఉండాలి. దుప్పటి కిందో సొరుగులోనో పడిందంటే సంకేతం అందదు, మాదైతే మళ్లీ పైనున్న గింజనే నమ్ముకుంటుంది.

ఇక ఆ జిడ్డు సంగతి. అసలు విషయం ఉష్ణోగ్రత కాదు, గాలిలో తేమ. విశాఖలో ఉండేవాళ్లందరికీ ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. జులై, ఆగస్టుల్లో మా గడియారం రాత్రి పదింటికి 29 డిగ్రీలు, 80కి పైన తేమ చూపిస్తుంది. అలాంటప్పుడు కూల్ మోడ్‌లో 27 పెడితే గది ఇట్టే 27కి వస్తుంది, కంప్రెసర్ వేగం తగ్గించేసుకుంటుంది. వేగం తగ్గితే లోపలి కాయిల్, అంటే గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట, అంత చల్లగా ఉండదు. కాయిల్ చల్లగా లేకపోతే గాలిలో నీరు దాని మీద పట్టదు. గొట్టంలోంచి కారే నీళ్లు చూస్తేనే తెలిసిపోతుంది, చుక్కా చుక్కా అంతే. ఇంకో సంగతి, ఏసీ పెద్దదై గది చిన్నదైతే ఈ బాధ ఇంకా ఎక్కువ. చల్లదనం పది నిమిషాల్లో వచ్చేస్తుంది, తేమ లాగడానికి టైమే చాలదు. మా గది 11 బై 13, పైన స్లాబ్ కాబట్టి ఒకటిన్నర టన్ను సరిపోయింది. కింది అంతస్తులో అంతే గదికి ఒక టన్ను చాలు.

దీనికి మందు రిమోట్‌లోనే ఉన్న డ్రై మోడ్, అంటే తేమ లాగే సెట్టింగు. అందులో ఫ్యాన్ బాగా నెమ్మదిగా తిరుగుతుంది. కాయిల్ మీదుగా గాలి మెల్లగా పోతుంది కాబట్టి కాయిల్ బాగా చల్లబడి నీళ్లు పిండుతుంది. మాదాంట్లో డ్రై పెట్టాక ఫ్యాన్ వేగం మార్చనివ్వదు, మార్చకూడదు కూడా. డ్రెయిన్ గొట్టం కింద బకెట్ పెట్టి రెండు రాత్రులు కొలిచాను. అదే ఆగస్టు వారంలో కూల్ 27కి పావు బకెట్ కూడా రాలేదు, డ్రైకి సగం పైనే నిండింది. పక్క దగ్గర తేమ 72 నుంచి 57కి దిగింది. ఉష్ణోగ్రత 27 దగ్గరే ఉన్నా ఆ రాత్రి మెడ కింద చెయ్యి పెట్టుకుంటే పొడిగా ఉంది. ఐదేళ్లలో ఈ ఏసీ నాకిచ్చిన అతి పెద్ద సుఖం ఇదే.

సుఖం మనుషులకే కాదు. గోడలో ఉన్న బీరువాలో పట్టుచీరలకి ప్రతి వానాకాలం తెల్లటి బూజు పట్టేది, మడత మీద బియ్యప్పిండి చల్లినట్టు. ఇప్పుడు వారానికోసారి మధ్యాహ్నం తలుపులు తీసిపెట్టి రెండు గంటలు డ్రై మోడ్ నడుపుతాను. నా పెళ్లినాటి వెంకటగిరి చీరకి మూడేళ్లుగా ఒక్క మచ్చ పడలేదు.

మేలో మాత్రం డ్రై చాలదు. బయట వేడి మరీ ఎక్కువ, కూల్ కావాల్సిందే. అప్పుడు ఫ్యాన్ హైలో కాకుండా ఆటోలో ఉంచండి. హైలో గది తొందరగా చల్లబడుతుంది గానీ, నీరు పట్టేది తక్కువ. మొదటి అరగంట హై, తర్వాత ఆటో, ఇది నా పద్ధతి. సీలింగ్ ఫ్యాన్ రెండు మీద.

24, 26 మధ్య తేడా కూడా చూశాను. 2020 జనవరి నుంచి మన దేశంలో స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలన్నీ 24 డిగ్రీల డిఫాల్ట్‌తో రావాలని రూలు. డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చెబుతుంది. 2022 మేలో ఏడు రాత్రులు 24, ఏడు రాత్రులు 26తో పాటు సీలింగ్ ఫ్యాన్, రాత్రి పదింటికీ పొద్దున ఆరింటికీ మీటరు చూసి రాసుకున్నాను. ఫ్రిజ్‌తో సహా ఇల్లంతా కలిపి 24కి రాత్రికి ఏడు యూనిట్లు దాటింది, 26కి ఆరు దాటింది. రోజుకో యూనిట్ అంటే చిన్నగా కనిపిస్తుంది గానీ, మన దగ్గర వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరుగుతుంది కదా, మిగిలేది ఎక్కువ రేటు పడే యూనిట్లే.

స్లీప్ మోడ్ గురించి నా అభిప్రాయం వేరు. అది గంటకో డిగ్రీ చొప్పున రెండు డిగ్రీలు పెంచుతుంది. తెల్లవారుజామున బయట చల్లబడే ఊళ్లకి అది బాగుంటుందేమో. మేలో మా ఊళ్లో తెల్లవారుజామునా బయట 28 దగ్గరే ఉంటుంది. రెండింటికి చెమటతో మెలకువ వస్తుంది. నవంబరు నుంచి మార్చి దాకా వాడుకోండి, తర్వాత తీసేయండి. ఫోన్ యాప్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తుంది. రైల్వే స్టేషన్ నుంచి వస్తూ ఆటోలోనే ఆన్ చేసుకోవచ్చు, అంతవరకే.

2023 ఏప్రిల్లో ఏసీ ఆన్ చేసిన ఐదు నిమిషాలకే బయటి యూనిట్ ఆగిపోవడం మొదలైంది. గదిలో 31, రిమోట్‌లో 24, ఏసీ మాత్రం తన పని అయిపోయినట్టు వట్టి గాలి ఊదుతోంది. సర్వీసు సెంటరు నుంచి వచ్చినాయన మూత కూడా తియ్యకుండా బోర్డు పోయిందన్నాడు, తొమ్మిది వేలు అవుతుందన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది, బాధా కలిగింది. కొలిచి చూడకుండా అంత మాట ఎలా అంటారు?

కంచరపాలెం నుంచి ఇంకో మెకానిక్‌ని పిలిపించాం. అతను ముందు ఫిల్టర్ తీశాడు, తర్వాత మూత తీసి టార్చి వేశాడు. "గేసు నిండుగా ఉందమ్మా. బోర్డుకేటీ అవ్వలేదు. ఇదిగో, ఈ గింజ క్లిప్పులోంచి జారిపోనాది" అని చూపించాడు. గదిని కొలవాల్సిన ఆ నల్లటి గింజ ప్లాస్టిక్ క్లిప్పు విరిగి వెనక్కి జారి, చల్లటి కాయిల్‌కి ఆనుకుని ఉంది. మంచులాంటి లోహాన్ని తాకుతూ, గది చల్లబడిపోయిందని బోర్డుకి చెబుతోంది. అతను దాన్ని ఊడదీసి మల్టీమీటరు తీగలు తగిలించాడు. ఈ గింజలు 25 డిగ్రీల దగ్గర కొన్నిటిలో 5, కొన్నిటిలో 10, 15 కిలో ఓమ్‌లు చూపిస్తాయట, మాది 10 రకం. "వేళ్ల మధ్య పట్టుకోండమ్మా" అన్నాడు. పట్టుకున్నాను. ఒంటి వేడికి అంకె 9, 8, 7 అంటూ దిగింది. వదిలేస్తే మళ్లీ మెల్లగా ఎక్కింది. గింజ బాగానే ఉంది. కొత్త క్లిప్పు వేసి కాయిల్‌కి అంగుళం దూరంలో నిలబెట్టాడు, మూడొందలు తీసుకున్నాడు. మీ ఏసీ కూడా తొందరగా ఆగిపోతుంటే బోర్డుకి డబ్బు కట్టే ముందు ఆ గింజ ఎక్కడుందో చూడమని అడగండి.

సముద్రం పక్కన ఉన్నవాళ్లకి ఇంకో మాట. బయటి యూనిట్ రేకులు ఉప్పుకి పొడిపొడిగా రాలిపోతాయి. రేకులు మూసుకుపోతే ఎంత తక్కువ పెట్టినా గది ఆ అంకెకి రాదు. నెలకోసారి మెయిన్ ఆపేసి, ఒత్తిడి లేకుండా మామూలు మంచినీళ్లు పోసి కడుగుతాం. ఐదేళ్లయినా రేకులు గట్టిగానే ఉన్నాయి, స్టాండు మాత్రం తుప్పు పట్టి ఒకసారి మార్చాం.

వేడిగాలి సంగతి చివరికి మిగిల్చాను, దాని మీద నాకు ప్రేమ ఎక్కువ. 2022 డిసెంబరులో మా అమ్మాయి పురిటికి వచ్చింది. అత్తయ్య కాళ్లు చాపుకుని బిడ్డకి స్నానం పోసేవారు, పొద్దున్నే నేల జిల్లుమనేది. వేడి మోడ్‌లో 27 పెట్టాను. ఈ మోడ్‌లో కాయిల్ వేడెక్కేదాకా ఫ్యాన్ తిరగదు, ఏసీ పాడైందని కంగారు పడకండి. పావుగంటలో పైన బాగా వేడెక్కింది, ఏసీ సద్దుమణిగింది. నేల మీద మాత్రం అదే చలి. వేడిగాలి పైకి పోతుంది, గింజ ఉండేదీ పైనే కదా! రిమోట్ తీసుకెళ్లి అత్తయ్య పీట పక్కన నేల మీద పెట్టి ఐ ఫీల్ నొక్కాను, గాలి రేకు పూర్తిగా కిందికి దించి, బిడ్డ మీదికి కాకుండా ఎదురు గోడ వైపు తిప్పాను. ఇరవై నిమిషాలకి నేల గోరువెచ్చగా తగిలింది. "కుంపటి పెట్టినట్టుందమ్మా" అన్నారు అత్తయ్య. ఆ నెలా నెలన్నరా రోజూ అలాగే చేశాం. స్నానం అయ్యాక సాంబ్రాణి వేసేముందు మాత్రం ఏసీ ఆపేయాలి. ఆ పొగ జిడ్డు ఫిల్టర్‌కి పట్టేస్తుంది, ఒకసారి మరిచిపోయినందుకు రెండుసార్లు సబ్బునీళ్లలో కడగాల్సి వచ్చింది.

ఒక్క కోరిక ఉంది. రిమోట్‌లో డిగ్రీలు పెట్టుకోనిచ్చినట్టే తేమ శాతం కూడా పెట్టుకోనిస్తే బాగుండు. ఇలాంటి సముద్రపు ఊళ్లకి అది ఎంతో అవసరం. అంతవరకూ ఆ చిన్న గడియారమే గతి.

ఐ ఫీల్ వాడితే రిమోట్ సెల్స్ తొందరగా అయిపోతాయి, మాకు నాలుగు నెలలకి ఒక జత. అవి నీరసిస్తే ఏసీ చెప్పకుండానే పైనున్న గింజ వైపు మళ్లిపోతుంది. ఉన్నట్టుండి ఒక రాత్రి పక్క మీద వాతావరణం మారినట్టు అనిపిస్తే ముందు సెల్స్ మార్చి చూడండి.