థార్ ఎడారికి ట్యూబ్‌లెస్ టైర్లా, ట్యూబులా?
చెన్నై నుంచి జోధ్‌పూర్ వెళ్లి, అక్కడి నుంచి జైసల్మేర్ దాకా సైకిల్ తొక్కుదామనుకునే మన తెలుగువాళ్లు నీళ్ల గురించి, ఎండ గురించి తెగ ఆలోచిస్తారు గానీ టైర్ల సంగతి చివరికి వదిలేస్తారు. తారు రోడ్డు దిగితే చాలు, అక్కడ పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు కాచుకుని ఉంటాయి.

ట్యూబ్‌లెస్‌లో లోపల ట్యూబు ఉండదు, చిల్లులు పూడ్చే సీలెంట్ అనే ద్రవం ఉంటుంది కాబట్టి చిన్న చిల్లులు వాటంతటవే పూడిపోతాయి. ముల్లు పీకగానే తెల్లటి ద్రవం బుస్సుమని చిమ్ముతుంది, చక్రం తిప్పి చిల్లుని కిందికి తెస్తే కాసేపట్లో ఆగిపోతుంది. ఎడారికి ఇంతకన్నా ఏం కావాలి! కాకపోతే వేడికి సీలెంట్ త్వరగా ఆరిపోతుంది, బయల్దేరే ముందు కొత్తది పోయించాలి, ఒక చిన్న సీసా వెంట ఉంచుకోవాలి. టైరు పక్కభాగం చీరుకుపోతే మాత్రం సీలెంట్ ఏమీ చెయ్యలేదు.

ట్యూబులు చవక, ఎవరైనా ప్యాచ్ వేసుకోవచ్చు. కానీ టైరు లోపల వేళ్లతో జాగ్రత్తగా తడిమి, విరిగి ఉండిపోయిన ముల్లు ముక్క తియ్యకపోతే కొత్త ట్యూబూ వెంటనే పోతుంది, మిట్టమధ్యాహ్నం నీడ లేని చోట ఆ పని నరకం.

నా ఓటు ట్యూబ్‌లెస్‌కే, స్పేర్ ట్యూబ్ ఒకటి బ్యాగులో పెట్టుకుని. మీ రిమ్ దానికి పనికొస్తుందో లేదో ముందే అడగండి, నెల ముందే మార్పించి చెన్నై నుంచి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురం దాకా తొక్కి చూడండి, గాలి నిలుస్తోందో లేదో అక్కడే తేలిపోతుంది.