మంద కాపలా కుక్కపిల్లలు: ఆరేళ్ల పెంపకం తరువాత నా సమీక్ష

నాలుగెకరాలకు మించని పొలంలో ఇరవై రెండు మేకలను, పద్నాలుగు గొర్రెలను, ముప్పై దాకా కోళ్లను పెంచుతున్నాను. ఒకే చలికాలంలో నక్కలూ, యజమానులు లేక తిరిగే కుక్కలూ కలిసి తొమ్మిది మేకపిల్లలను పొట్టన పెట్టుకున్నాక, ఇక లాభం లేదని మంద కాపలాకు ఒక కుక్కపిల్లను తెచ్చాను. అది ఆరేళ్ల కిందటి మాట. ఆ మొదటి కుక్క బూచి, గ్రేట్ పిరనీస్ జాతి మగది. రెండేళ్ల తరువాత మల్లి వచ్చింది. అది ఆడది, పిరనీస్, మరెమ్మా జాతుల సంకరం. రెండింటినీ ఎనిమిది వారాల వయసు నుంచి నేనే పెంచాను కాబట్టి, ఇక్కడ రాసేదంతా నా చేతి మీదుగా జరిగినదే.

ముందుగా నా తీర్పు చెబుతాను. ఈ కుక్కలు పని చేస్తాయి, అందులో నాకు సందేహం లేదు. అయితే మొదటి రెండేళ్లు కుక్క మందను కాయదు. మందతో పాటు కుక్కనూ మనమే కాయాలి. ఈ సంగతి తెలియక కొన్నవాళ్లు ఏడాది తిరగకముందే పిల్లను తిరిగి ఇచ్చేయడం నేను చూశాను. నేనూ ఒక దశలో ఆ అంచు దాకా వెళ్లాను.

గొర్రెలను తోలే కుక్క వేరు, కాసే కుక్క వేరు. బోర్డర్ కోలీ వంటి తోలే కుక్క చూపు నిలిపి, పొంచి, తరిమే వేట స్వభావాన్నే పనిగా మార్చుకుంటుంది. పిరనీస్, మరెమ్మా, అనతోలియన్, కంగాల్, అక్బాష్ వంటి కాపలా జాతుల్లో ఆ స్వభావం వీలైనంత మందగించి ఉండేలా కాపరులు తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చారు. అమెరికాలోని హాంప్‌షైర్ కాలేజీలో రే కాపింజర్, లోర్నా కాపింజర్ దంపతులు 1970ల చివరి నుంచి ఈ కుక్కలను రైతులకు ఇచ్చి, పరిశీలించి, మంచి కాపలా కుక్కకు మూడు గుణాలు ఉండాలని తేల్చారు: మందకు తాను హాని చేయకూడదు, మందను అంటిపెట్టుకుని ఉండాలి, ముప్పు వచ్చినప్పుడు అడ్డం నిలవాలి. నేను మూడోదాన్ని చూసి కొన్నాను. కష్టమంతా మొదటిదానిలో ఉందని తరువాత తెలిసింది. మూడోది వయసుతో పాటు దానంతటదే వస్తుంది. నేను నేర్పింది ఏమీ లేదు.

బూచిని అమ్మినవారు తల్లిదండ్రులు రెండూ మందలో పని చేసే కుక్కలేనని చెప్పారు. ఆ మాట నిజమే కావచ్చు గానీ, పిల్లలు మాత్రం ఇంటి వెనుక వరండాలో, మనుషుల మధ్య పెరిగాయి. కుక్కపిల్లకు మూడు వారాల వయసు నుంచి ఇంచుమించు పదహారు వారాల వరకు ఎవరి వాసనలో, ఎవరి మధ్య పెరిగితే వారే తనవారవుతారు. బూచికి ఆ కాలంలో సగం మేక అంటే ఏమిటో తెలియకుండానే గడిచిపోయింది. మల్లి మేకల కొట్టంలో పుట్టింది; వచ్చిన రోజు సాయంత్రమే ఒక ముసలి మేక పక్కన ముడుచుకుని పడుకుంది. బూచి అదే వయసులో గేటు దగ్గర కూర్చుని, ఇంటి వైపు చూస్తూ మూడు రాత్రులు ఏడ్చింది. జాతి పత్రాలు చూసి కొనేవారు పిల్లలు పెరిగిన చోటును కూడా ఒకసారి వెళ్లి చూడాలి. నా లెక్కలో పత్రాల కన్నా అదే ముఖ్యం.

రెండుసార్లూ ఏర్పాటు ఒకటే. దొడ్డిలో ఒక మూల కట్టెలతో చిన్న గది చేసి, కింది కట్టెకూ నేలకూ మధ్య కుక్కపిల్ల దూరగలిగినంత, మేక దూరలేనంత సందు వదిలాను. మేక కుమ్మడానికి వస్తే పిల్ల లోపలికి జారుకుంటుంది, భయం తగ్గాక తానే బయటికి వస్తుంది. తోడుగా నెమ్మదైన మూడు పెద్ద మేకలను మాత్రమే ఉంచాను. పిల్లమేకలను పెడితే కుక్కపిల్ల వాటితో ఆటకు అలవాటు పడుతుంది, ఆ ఆట తరువాత ప్రాణాల మీదికి వస్తుంది. మరీ కుమ్మే మేకను పెడితే మందంటేనే బెదురు పట్టుకుంటుంది.

తిండి విషయంలో నేను చేసిన తప్పు ఇప్పటికీ ఒక మేక చెవి మీద కనిపిస్తుంది. బూచికి అయిదు నెలలప్పుడు గిన్నెను దొడ్డి మధ్యలోనే పెట్టేవాణ్ణి. ఒక మేకపిల్ల గిన్నెలో మూతి పెట్టింది. బూచి గుర్రుమంది. పిల్లకు ఆ భాష తెలియక ఇంకాస్త ముందుకు వంగింది. మరుక్షణంలో చెవి కొస రెండుగా చీలింది. కుక్క తన గిన్నెను కాపాడుకుంది, అంతే. దాన్ని అక్కడ పెట్టింది నేను. ఆ రోజు నుంచి మేకలకు అందని చోట, నేను నిలబడి ఉండగా తినిపించి, గిన్నె తీసేసిన తరువాతే దాన్ని మందలోకి వదులుతున్నాను.

అసలు పరీక్ష ఏడెనిమిది నెలల వయసులో మొదలవుతుంది. అప్పటికి ఒళ్లు పెద్ద కుక్కది, బుద్ధి పసిపిల్లది. అన్నాళ్లూ బుద్ధిగా ఉందని మురిసిపోయి, ఎనిమిదో నెలలో బూచిని రాత్రంతా మందతో వదిలేశాను. నాలుగో రోజు తెల్లవారి చూస్తే ఒక గొర్రెపిల్ల మెడ చుట్టూ బొచ్చు ఉమ్మితో తడిసి అట్టలు కట్టి ఉంది, భుజం దగ్గర ఉన్ని పీకేసి ఉంది, పిల్ల నిలబడలేక వణుకుతోంది. బూచి దాని పక్కనే పడుకుని, నన్ను చూసి తోక ఊపింది. అది వేట కాదు, తోటి కుక్కపిల్లతో ఆడినట్టు ఆడిన ఆట. కానీ గొర్రెపిల్ల ఆ సాయంత్రం చనిపోయింది. కోపంతో కొట్టి ఉంటే, ఎప్పుడో రాత్రి చేసిన పనికి పొద్దున దెబ్బ ఎందుకు పడిందో దానికి అర్థమయ్యేది కాదు. గొర్రె దగ్గర ఉంటే దెబ్బలు పడతాయన్న పాఠం మాత్రం బాగా ఒంటబట్టేది.

అక్కడి నుంచి మళ్లీ మొదటికి వచ్చాను. నేను చూస్తున్నప్పుడు మాత్రమే మందలో, పొడవైన తాడుతో. చూడలేనప్పుడు మంద కనిపించేలా కంచెకు ఇవతల. తోడుగా పిల్లలను తీసేసి, ఆటకు లొంగని ఒక బరువైన పోతును, ఇద్దరు కొమ్ముల అమ్మలక్కలను ఉంచాను (మేకలనే అంటున్నాను). గొర్రె మీద చూపు నిలిపి ముందు కాళ్లు వంచగానే, తరమడం మొదలు కాకముందే, గట్టిగా ఒక మాట అని దారి మళ్లించేవాణ్ణి. పరుగు మొదలైన తరువాత పిలిస్తే లాభం లేదు. ఆ పరుగులోనే దానికి ఆనందం దొరికిపోతుంది. ఇలా ఏడాదికి పైగా గడిచింది. బూచిని ఇరవై ఆరు నెలల వయసులో గానీ పూర్తిగా నమ్మలేకపోయాను. మల్లికి పదిహేడు నెలలు చాలాయి. అది ఆటకు దిగినప్పుడల్లా బూచి లేచి వెళ్లి మధ్యలో నిలబడేది. అందుకే ఒకే ఈతలోని రెండు పిల్లలను ఒకేసారి తేవద్దని అడిగినవారందరికీ చెబుతాను. అవి ఒకదానిలో ఒకటి మునిగిపోయి, మందను ఆటవస్తువుగా చూస్తాయి.

కాపలా కుక్కపిల్లను ముట్టుకోకూడదని, ముట్టుకుంటే మందను వదిలి ఇంటికి వస్తుందని ఒక నమ్మకం బాగా ప్రచారంలో ఉంది. నేను మొదట దాన్ని పాటించి బాధపడ్డాను. పిరనీస్ జాతికి వెనుక కాళ్లకు లోపలి వైపు జంట గోళ్లు ఉంటాయి, అవి నేలకు తగలవు కాబట్టి అరగవు. పది నెలలప్పుడు బూచి కుంటుతోంటే పొడవాటి బొచ్చు పక్కకు తీసి చూశాను. ఒక గోరు గుండ్రంగా తిరిగి తన మాంసంలోకే దిగిపోయి, చుట్టూ చీము పట్టి ఉంది. కాలు పట్టుకోనివ్వడం అలవాటు లేని ముప్పై ఎనిమిది కిలోల కుక్కను ఇద్దరం పట్టుకుంటే గానీ పశువైద్యుడు దగ్గరికి రాలేకపోయారు. మల్లికి మాత్రం మొదటి వారం నుంచే రోజూ దొడ్డిలోనే కూర్చుని పాదాలు, చెవులు, నోరు తడిమి చూశాను, పట్టీ వేసి నడిపించాను, కాసేపు కట్టి ఉంచాను, బండి ఎక్కించాను. దానివల్ల అది మందను వదిలి రాలేదు. ముద్దు చేసే చోటు ఇల్లు కాకుండా దొడ్డి అయితే చాలు.

పిలిస్తే రావడం, వద్దంటే వదిలేయడం, ఈ రెండూ నేర్పితే చాలు. అవి కూడా తోలే కుక్కలా చటుక్కున చేస్తాయని ఆశించకూడదు. బూచి నా పిలుపు విని, చుట్టూ ఒకసారి చూసి, తనకు సబబనిపిస్తే వస్తుంది.

కంచె బలహీనంగా ఉంటే ఈ కుక్కలను తేకపోవడం మంచిది. తన అరుపు వినిపించినంత మేరా తన రాజ్యమే అన్నట్టు తిరుగుతాయి. బూచి ఒకసారి రెండు రాత్రులు కనిపించకుండా పోయి, గాయంతో తిరిగి వచ్చింది. అల్లిక తీగ కంచెకు లోపలి వైపు, నేల నుంచి జానెడు ఎత్తున ఒకటి, పైన ఒకటి విద్యుత్ తీగలు లాగిన తరువాతే ఆ తిరుగుడు ఆగింది. తీగను పరిచయం చేసేటప్పుడు దగ్గరలో మేకలు లేకుండా చూసుకోవాలి, లేకపోతే ఆ షాకు మేక ఇచ్చిందని పిల్ల అనుకునే ప్రమాదం ఉంది.

రాత్రి అరుపు గురించి దాచేదేమీ లేదు. అదే వాటి పని. నమీబియాలో చీతా కన్సర్వేషన్ ఫండ్ 1994 నుంచి రైతులకు ఈ కోవ కుక్కలను ఇస్తోంది. అక్కడ కూడా కుక్క చీతాను చంపాలని కాదు, అరుపుతో, నిలబడే తీరుతో మంద దగ్గరికి రాకుండా చేయాలని, తద్వారా రైతు చేతిలో చీతా చావకుండా ఉండాలని ఉద్దేశం. నా దగ్గర కూడా ఆరేళ్లలో కుక్క నిజంగా కలబడింది రెండుసార్లే. మిగిలినదంతా అరవడం, అడ్డం నిలవడం, కంచె వెంట వాసన గుర్తులు వేయడం. పొరుగువారి నిద్ర చెడిన మాట వాస్తవం. రాత్రి దొడ్డిని వారి ఇంటికి దూరంగా పొలం అవతలి అంచుకు మార్చాక ఫిర్యాదులు తగ్గాయి, పూర్తిగా పోలేదు.

మేకలు ఈనే కాలంలో కొత్త కుక్కను దూరంగా ఉంచాలి. మల్లి మొదటిసారి మాయ తిని, పిల్లను తల్లి కన్నా ముందు తానే నాకి శుభ్రం చేసింది. తొలిచూలు మేక కావడంతో ఆ పిల్లను దగ్గరికి రానివ్వలేదు. నేను సీసాతో పాలు పట్టి పెంచాల్సి వచ్చింది. మరుసటి ఏడాది మల్లిని కట్టెల ఇవతల కట్టి ఉంచి చూపించాను. ఇప్పుడు ఈనుతున్న మేకకు పది అడుగుల దూరంలో, వీపు దాని వైపు, ముఖం చీకటి వైపు పెట్టి పడుకుంటుంది.

కోళ్ల విషయంలో నేను మార్కులు తక్కువే వేస్తాను. రెక్కలు కొట్టుకుంటూ పరుగెత్తే ప్రాణిని చూసి ఊరుకోవడం కుర్రకుక్కకు చాలా కష్టం. బూచి మూడు కోళ్లను చంపింది, ఒక్కదాన్నీ తినలేదు.

ఆరోగ్యం విషయంలో టీకాలు, నులిపురుగుల మందు వేళకు వేయించడం అందరికీ తెలిసినదే. మందతో ఉండే కుక్కకు ప్రత్యేకంగా రెండు జాగ్రత్తలు కావాలి. పచ్చి పేగులు, కాలేయం, ఊపిరితిత్తులు పెట్టకూడదు. వాటిలోని తిత్తుల ద్వారా బద్దెపురుగు కుక్కకు సోకి, దాని మలంలోని గుడ్ల ద్వారా గొర్రెలకూ మనుషులకూ జబ్బు చేస్తుంది. రెండోది, పశువుల, కోళ్ల దాణాలో కొన్నింట మోనెన్సిన్ అనే మందు కలుపుతారు, అది కుక్కకు విషం. ఆ బస్తాలను నేను తలుపున్న గదిలో పెడతాను. పెద్ద జాతి కదా అని పిల్లను బొద్దుగా పెంచడం కూడా మంచిది కాదు, త్వరగా పెరిగిన బరువు కీళ్ల మీద పడుతుంది.

ఇక ఫలితం. బూచి వచ్చిన మొదటి రెండేళ్లలో నక్కలకు మూడు పిల్లలు పోయాయి. కుక్క చేతిలో పోయిన గొర్రెపిల్ల వేరు. తరువాతి నాలుగేళ్లలో పోయింది ఒకే ఒక్క మేకపిల్ల, అదీ పట్టపగలు పెద్ద గద్ద తన్నుకుపోయింది. పగలు ఈ రెండు కుక్కలూ నిద్రపోతాయి, ఆ సంగతి గద్దకు కూడా తెలిసినట్టుంది.

బూచి ఇప్పుడు యాభై రెండు కిలోలు. చలి ఉదయాల్లో లేవడానికి కాస్త సమయం తీసుకుంటోంది. రాత్రి మొదటి అరుపు ఈమధ్య మల్లిదే, బూచి వెనుక నుంచి అందుకుంటోంది. వచ్చే ఈత కాలం ముగిశాక మూడో పిల్లను తెస్తాను. మూల గదికి కింది కట్టె పుచ్చిపోతే మొన్ననే మార్చాను, సందు మాత్రం అంతే ఉంచాను.