పాత ఆర్‌వీలో కార్పెట్ తీసి వినైల్ షీట్ వేశాం: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ముందే తేల్చి చెప్పేస్తాను. ఆర్‌వీ అంటే వంటిల్లు, పడకలు ఉండి ఇల్లులా వాడుకునే బండి. పాత ఆర్‌వీలో కార్పెట్ పాడైపోతే, నడిచే చోటంతా వినైల్ షీట్ (చుట్టలుగా దొరికే పలుచటి ప్లాస్టిక్ నేల) వేయించండి. డ్రైవర్ సీటు దగ్గర మాత్రం మళ్లీ కార్పెట్టే వేయండి. బండి ఎండలో నిలబెట్టేవాళ్లయితే క్లిక్ పలకల (ఒకదానికొకటి నొక్కి బిగించే వినైల్ పలకల) జోలికి వెళ్లకండి. డాలస్ శివార్లలో మా బండి ఏడాదంతా ఆరుబయటే ఉంటుంది. కొన్ని టెక్సాస్ వేసవులు, అప్పుడప్పుడూ గడ్డకట్టే చలి చూసిన నేల గురించి చెబుతున్నాను.

మాది 2004 మోడల్, ఫోర్డ్ ఈ-450 వ్యాన్ ఛాసిస్ మీద ఇంటి భాగం కట్టిన ‘క్లాస్ సి’ రకం. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. అప్పటికే మెట్టు దగ్గర కార్పెట్ దారాలు లేచిపోయి ఉన్నాయి, స్టవ్ ముందు జిడ్డు నల్లగా పేరుకుపోయింది. దానికి తోడు టెక్సాస్‌లోని పాలో డ్యూరో కాన్యన్ లోయ ఎర్రమట్టి. షాంపూ మెషీన్ పెట్టినా ఆ ఎరుపు వదల్లేదు. తెనాలి నుంచి వచ్చిన అమ్మ మాతో పాటు టెక్సాస్ సముద్రతీరంలోని గాల్వెస్టన్ వచ్చింది. బీచ్ ఇసుక, పోపు వాసన, తడి కాళ్లు అన్నీ కలిసిన ఆ కార్పెట్ చూసి, “ఉతకడానికి వీల్లేని దుప్పటి మీద కాపురమేంట్రా?” అంది. చెప్పులు బయట వదిలి, కింద కూర్చుని అన్నం తినే మనలాంటి వాళ్లకి నేల శుభ్రంగా ఉండటం చిన్న విషయం కాదు. అమ్మ ఆ మాటన్నాక ఇంక వాయిదా వేయలేదు.

డబ్బు కన్నా ఓపిక ఎక్కువ పట్టేది పాత కార్పెట్ పీకడానికే. ఫ్యాక్టరీలో ముందు కార్పెట్ పరిచి, దాని మీద క్యాబినెట్లు, సోఫా, డైనింగ్ బల్ల బిగిస్తారు. అందుకని మొత్తం ఊడదీయడం కుదరదు. క్యాబినెట్ అంచు వెంబడి పదునైన బ్లేడుతో కోసి, లోపల ఉన్నది అలాగే వదిలేయాలి. బ్లేడు త్వరగా మొద్దుబారుతుంది కాబట్టి మార్చుకుంటూ ఉండాలి. కార్పెట్ లేపాక అసలు పని మొదలవుతుంది. వరసలు వరసలుగా స్టేపుల్ పిన్నులు. సగం పిన్నులకి తలలు ఊడిపోయి కాళ్లు చెక్కలోనే ఉండిపోతాయి. మా ఆవిడా నేనూ మోకాళ్లకు ప్యాడ్లు కట్టుకుని పట్టకారుతో ఒక్కొక్కటీ లాగాం. బయటికి రాని వాటిని సుత్తితో లోపలికి దిగ్గొట్టాం. అరచేత్తో నేలంతా తడిమి చూడాలి. ఒక్క పిన్ను పైకి ఉన్నా కొన్నాళ్లకి వినైల్‌కి చిల్లు పెడుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. చాలాకాలం వాడని బండిలో కార్పెట్ కింద ఎలుక పెంటికలు కనిపించవచ్చు. వాటిని ఊడ్చకండి, వ్యాక్యూమ్ కూడా పెట్టకండి. ఆ దుమ్ము పీలిస్తే ఎలుకల నుంచి వచ్చే ప్రమాదకరమైన హంటావైరస్ సోకే ప్రమాదం ఉంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పేదేమిటంటే, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి బాగా తడిపి, 5 నిమిషాలు నాననిచ్చి, గ్లవ్స్ వేసుకుని పేపర్ టవల్‌తో తుడిచేయాలి.

కార్పెట్ తీశాక కనిపించే చెక్కని శ్రద్ధగా చూడండి. నా దృష్టిలో ఈ పనంతటికీ ప్రాణం అదే. తలుపు మెట్టు దగ్గర, సింక్ ముందు, టాయిలెట్ చుట్టూ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. మా బండిలో మెట్టు పక్కన స్క్రూడ్రైవర్ ఇట్టే దిగిపోయింది. తలుపు కింది సీలు నుంచి వాన నీరు కారి ప్లైవుడ్ పొరలు విడిపోయాయి. ఆ ముక్క కోసేసి, కింద కొత్త చెక్క ఆధారం ఇచ్చి, అదే మందం ప్లైవుడ్ వేసి స్క్రూలు బిగించాం. అంతకంటే ముందు తలుపు సీలు మార్చాం. నీరు ఆగకుండా పైన ఎంత ఖరీదైన నేల వేసినా దండగే. గుంటలూ అతుకులూ ప్యాచింగ్ పౌడర్‌తో నింపి, ఆరాక సాండ్‌పేపర్ పట్టాం. ఇది బాగా చేసుకున్నాం కాబట్టే ఇన్నాళ్లయినా నేల ఎక్కడా మెత్తబడలేదని నా నమ్మకం.

క్లిక్ పలకలు ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. కొట్టువాడు మాకు అవే చూపించాడు. అందంగా ఉంటాయి, ఇంటికైతే నేనూ అవే వేస్తాను. కానీ చాలా రకాల పెట్టెల మీద ఉష్ణోగ్రత దాదాపు 55 నుంచి 85 ఫారెన్‌హీట్ మధ్య ఉంచమని రాసి ఉంటుంది. ఆగస్టులో ఏసీ ఆపేసిన ఆర్‌వీ లోపల 120 దాటడం వింతేమీ కాదు. పలక సాగుతుంది, చలికి కుంచించుకుపోతుంది. సాగడానికి అంచుల్లో పావు అంగుళం ఖాళీ వదలాలి, పైన ఏదీ బిగించకూడదు. ఇరుకు బండిలో అది కుదిరే పని కాదు. ఒక స్నేహితుడి బండిలో మొదటి వేసవికే మధ్యలో పలకలు ఉబ్బి లేచాయి. బరువు లెక్క కూడా ఉంది. రాతిపొడి కలిపిన పలకలు చదరపు అడుగుకి సుమారు 2 పౌండ్లు తూగుతాయి. వంద చదరపు అడుగులకి 200 పౌండ్లు. పలుచటి వినైల్ షీట్ అందులో నాలుగో వంతు. మిగిలే బరువుకి సుమారు 18 గ్యాలన్ల నీళ్లు ఎక్కువ తీసుకెళ్లొచ్చు.

షీట్ 12 అడుగుల వెడల్పు రోల్స్‌లో దొరుకుతుంది. అమెరికా రోడ్ల మీద ఆర్‌వీ వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు మించదు కాబట్టి ఎక్కడా అతుకు లేకుండా ఒకే ముక్క పడుతుంది. అతుకు లేకపోతే నీరు దిగే దారీ లేదు. ఫైబర్‌గ్లాస్ వెనకభాగం ఉన్న రకం తీసుకోండి, అది వేడికి తక్కువ కదులుతుంది. కోసే ముందు మందపాటి కాగితంతో నమూనా చేయాలి. కాగితంలో అక్కడక్కడా చిన్న త్రికోణాలు కోసి, వాటి మీదుగా టేపు అంటిస్తే కాగితం నేలకి అతుక్కుని కదలదు. తర్వాత దాన్ని తీసి షీట్ మీద పరిచి గీత గీసుకోవడమే. సీటు బెల్ట్ బోల్టులు మాత్రం విప్పకండి, వాటి చుట్టూ కోయండి.

స్లైడ్ అవుట్‌లో (బండి ఆపాక పక్కకి బయటికి జరిపే గది భాగంలో) కార్పెట్ ఉంచేశాం. అది లోపలికి వచ్చేటప్పుడు కింద ఎంత ఖాళీ ఉంటుందో నేల కొనకముందే కొలుచుకోండి. మందం కాస్త ఎక్కువైనా రోలర్లు కొత్త నేలని గీరేస్తాయి.

డ్రైవర్ దగ్గర కథ వేరు. వీ10 ఇంజిన్ సగం రెండు సీట్ల మధ్యే ఉంటుంది. దాని మూత మీదా, కాళ్ల దగ్గరా కార్పెట్ లేకపోతే హైవే మీద పక్కవాళ్ల మాట వినపడదు, వేడి కూడా తగులుతుంది. వేడిని ఆపే షీట్ అంటించి, పైన కారు కార్పెట్ వేశాం. దానికి ఎక్కువ వేడి తట్టుకునే స్ప్రే గమ్మే వాడాలి. మామూలుది ఎండకి వదిలేస్తుంది.

వాడకంలో తేలిన లోపాలు ఉన్నాయి. చలికాలంలో నేల జిల్లుమంటుంది. అమ్మ ఉన్నప్పుడు చాపలు వేస్తాం. కుర్చీ కాళ్ల గుర్తులు పడ్డాయి. తలుపు దగ్గర ఎండ తగిలే అంచు ఒకచోట లేచింది, గమ్ పూసి అల్యూమినియం పట్టీ బిగించాక మళ్లీ లేవలేదు. రబ్బరు అడుగున్న మ్యాట్లు వేయకండి, కింద వినైల్ పసుపెక్కుతుంది. ఆ మరక పోదు. వంట పసుపు మరక మాత్రం పోతుంది. సాంబారు ఒలికినచోట తుడిచాక మిగిలిన పసుపు రంగు, తలుపు తీసి ఎండ తగలనిస్తే కొద్ది రోజుల్లో వెలిసిపోయింది.

ఖర్చు విషయానికొస్తే, షీట్ చదరపు అడుగుకి 2 డాలర్ల లోపే దొరికింది. ప్లైవుడ్, గమ్, కారు కార్పెట్ కలిపితే దానికంటే ఎక్కువైంది, కాబట్టి బడ్జెట్ వేసేటప్పుడు వాటిని మర్చిపోకండి. ఇప్పుడు క్యాంప్‌గ్రౌండ్‌కి చేరగానే చీపురుతో ఊడ్చి, తడిగుడ్డ పెట్టేస్తాం. అమ్మ మళ్లీ వచ్చినప్పుడు అడగకుండానే ఆ పని తనే చేసి, నేల మీద ఆకు వేసి వడ్డించింది. పాత బండి నేల మీద పెట్టిన ప్రతి డాలరూ నాకు అక్కడే వసూలైంది.