స్టార్టప్ ప్రోగ్రాములు ఆపేస్తే నిజంగా ఎంత లాభం?

కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతటవే మొదలయ్యే స్టార్టప్ ప్రోగ్రాములు ఆపితే ఉపయోగం ఉంటుందా అని అడిగేవారికి నా జవాబు: ఉంటుంది, చాలా ఉంటుంది. అయితే ఆ లాభం ఎక్కడ కనిపిస్తుందో తెలియకపోతే నిరాశ తప్పదు. మా ఇంట్లోని పాత లాప్‌టాప్‌లో విండోస్ 10, 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్ ఉన్నాయి. కొన్నేళ్లుగా దాన్ని ఈ పద్ధతిలోనే నడుపుతున్నాను.

పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి డెస్క్‌టాప్ కనిపించేదాకా పట్టే సమయం దాదాపు ఎప్పటిలాగే ఉంది. మారింది ఆ తర్వాతి సంగతి. ఇదివరకు తెర వచ్చేసేది కానీ బ్రౌజర్ మీద నొక్కితే పలికేది కాదు. ఏ ప్రోగ్రాము ఎంత వాడుకుంటోందో చూపే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వాడకం 100 శాతం దగ్గర నిలబడి, హార్డ్ డిస్క్ చాలాసేపు గరగరలాడేది. ఇప్పుడు తెర వచ్చిన కాసేపటికే పని మొదలుపెట్టగలుగుతున్నాను.

ఇది ఊహ కాకుండా లెక్కతో చూడాలనుకుంటే, విండోస్ రాసుకునే చిట్టాలను చూపే ఈవెంట్ వ్యూయర్ ఉంది. అందులో డయాగ్నస్టిక్స్ పెర్ఫార్మెన్స్ లాగ్ తెరిచి, 100 నంబరు ఈవెంట్ వివరాలు చూడండి. మెయిన్ పాత్ బూట్ టైమ్ అంటే డెస్క్‌టాప్ వచ్చేదాకా పట్టిన సమయం, బూట్ పోస్ట్ బూట్ టైమ్ అంటే ఆ తర్వాత కంప్యూటర్ కుదుటపడడానికి పట్టిన సమయం. రెండూ మిల్లీసెకన్లలో ఉంటాయి. నా లాప్‌టాప్‌లో బాగా తగ్గింది రెండోదే.

ఆపే పని చాలా సులువు. విండోస్ 7 వరకు దీనికి ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ సెట్టింగుల సాధనం తెరవాల్సి వచ్చేది, విండోస్ 8 నుంచి టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ పేజీ ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. స్టార్టప్ ఇంపాక్ట్ అనే నిలువు వరుసలో ‘హై’ అని ఉన్నవాటి నుంచి మొదలుపెట్టాలి. మొదలయ్యేటప్పుడు ప్రాసెసర్‌ను ఒక సెకనుకు మించి వాడుకున్నా, డిస్క్‌తో 3 ఎంబీకి మించి పని చేయించినా ఆ ముద్ర పడుతుంది. డిసేబుల్ చేస్తే ప్రోగ్రాము పోదు, కావాలనుకున్నప్పుడు మనమే తెరుచుకోవచ్చు.

వీడియో కాల్ యాప్, పాటల యాప్, గేముల దుకాణం, ప్రింటర్ కంపెనీ ఇచ్చిన సహాయక ప్రోగ్రాము, అన్నీ ఆపేశాను. ప్రింటర్ మామూలుగానే ముద్రిస్తోంది, ఎందుకంటే ఆ పని చూసుకునేది విండోస్‌లోని ప్రింట్ స్పూలర్ సర్వీసు. యాంటీవైరస్, టచ్‌ప్యాడ్‌కు సంబంధించినవి, తెలుగు టైపింగ్ ప్రోగ్రాము మాత్రం ముట్టుకోలేదు. విండోస్‌తో వచ్చే తెలుగు కీబోర్డు వాడేవారికి ఈ చివరిదాని అవసరం ఉండదు. విడిగా వేసుకున్న టైపింగ్ ప్రోగ్రాము మీద ఆధారపడేవారు, ముఖ్యంగా డీటీపీ (అచ్చు కోసం పేజీలు కూర్చే) పని చేసేవారు, దాన్ని ఉంచుకోవాలి. క్లౌడ్‌లో ఫైళ్లు దాచుకునేవారు కూడా ఆ యాప్‌ను ఆపేముందు ఆలోచించాలి. దాన్ని తెరిచేదాకా కొత్త ఫైళ్లు పైకి వెళ్లవు.

నాకు చిరాకు తెప్పించేది ఒక్కటే. ఆపేసిన ఒక యాప్ అప్‌డేట్ కాగానే మళ్లీ జాబితాలోకి వచ్చి కూర్చుంటుంది. యజమాని వద్దన్నదాన్ని అడగకుండా తిరిగి మొదలుపెట్టడం మర్యాద కాదు. అందుకే అప్పుడప్పుడు ఆ పేజీ చూసుకోక తప్పదు. అక్కడ కనిపించకుండా దాగినవి కూడా కావాలంటే మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వారి ఆటోరన్స్ చక్కటి ఉచిత సాధనం. కానీ అందులో హార్డ్‌వేర్‌ను నడిపే డ్రైవర్లు, సర్వీసులూ కనిపిస్తాయి కాబట్టి తెలియని వరుసల జోలికి వెళ్లవద్దు.

తిరిగే హార్డ్ డిస్క్‌కు బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ ఉన్న యంత్రంలో ఇంత తేడా ఉండదు. మా ఇంట్లో అలాంటి మరో కంప్యూటర్‌లో చేస్తే బూట్ సమయంలో మార్పు తెలియనే లేదు. అయినా అక్కడా అనవసరమైనవి ఆపే ఉంచాను, వెనకాల ఖాళీగా కూర్చుని ర్యామ్ తినేవి తగ్గాయి.