గంజి లేని ఆల్‌ఫ్రెడో: కొంజాక్ పాస్తా ప్యాకెట్ డబ్బుకు తగ్గ సరుకేనా?

పిండి పదార్థం (కార్బ్) తగ్గించుకోవాలనుకునేవాళ్లు గోధుమ పాస్తా బదులు వాడే కొంజాక్ పాస్తా ప్యాకెట్‌ను చేత్తో పట్టుకుంటే నీళ్ల సంచిలా ఊగుతుంది. మూల కత్తిరించగానే చేపల అంగడి వాసన గుప్పుమంటుంది. సరుకు చెడిపోయిందేమో అనుకోకండి, దాని తీరే అంత. నల్లగొండ, పాలమూరు కిరాణా దుకాణాల్లో ఇది అంత సులువుగా దొరకదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. తెప్పించి, యూట్యూబ్‌లో చూసినట్టే ఆల్‌ఫ్రెడో (వెన్న, క్రీమ్, చీజ్ సాస్ కలిపిన తెల్ల పాస్తా) చేస్తే పళ్లెం అడుగున నీళ్ల మడుగు, పైన రబ్బరు దారాలు, మధ్యలో విరిగిన మీగడ మిగులుతాయి. నింద మొత్తం ప్యాకెట్ మీద పడుతుంది కానీ అందులో దాని వాటా సగమే. మిగతా సగం సాస్‌ది.

ముందు ప్యాకెట్ సంగతి. కొంజాక్ అనేది మన కంద దుంపకు దాయాది మొక్క. దాని దుంప పిండిలో గ్లూకోమన్నన్ అనే పీచు ఉంటుంది. ఆ పిండిని నీళ్లలో కలిపి, సున్నపు నీటితో గట్టిపరచి, దారాలుగానో పట్టీలుగానో తీస్తారు. తమలపాకుకు రాసే సున్నం ఏదో ఇదీ అదే, కాల్షియం హైడ్రాక్సైడ్. వాసన కూడా ఈ క్షార గుణంతో వచ్చేదే. తయారైన పాస్తాలో 97 శాతం దాకా నీళ్లు, 3 శాతం చుట్టూ పీచు. 100 గ్రాములకు 10 క్యాలరీలకు అటూ ఇటూ. అరిగే పిండి పదార్థం లెక్కలోకి రానంత తక్కువ.

మామూలు ఎండు పాస్తా 100 గ్రాముల్లో 75 గ్రాముల దాకా కార్బ్ ఉంటుంది. ఒక మనిషికి 80 గ్రాములు ఉడకబెడితే 60 గ్రాములు అక్కడే అయిపోయాయి. వైట్ సాస్‌కు రెండు చెంచాల మైదా, గ్లాసు పాలు పడితే ఇంకో 15, 17 కలుస్తాయి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ‘జొన్న పాస్తా’, ‘మిల్లెట్ పాస్తా’ అని రాసి ఉంటే షుగరు ఉన్నవాళ్లకు ఫర్వాలేదనే నమ్మకం మన వైపు గట్టిగా ఉంది. జొన్నల్లో పీచు ఎక్కువ, నిజమే. కానీ హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో దాదాపు 68 గ్రాముల కార్బ్ ఉంది. పైగా చాలా ప్యాకెట్లలో జొన్నపిండితో పాటు గోధుమ రవ్వ కూడా ఉంటుంది. అది మంచి తిండే, తక్కువ కార్బ్ తిండి మాత్రం కాదు.

ఇక అసలు చిక్కు. ఆల్‌ఫ్రెడో పుట్టింది రోమ్‌లో. మొదట్లో అందులో క్రీమ్ లేనే లేదు. వెన్న, పార్మిజాన్ చీజ్, పాస్తా ఉడికిన నీళ్లు, అంతే. ఆ నీళ్లంటే ఏమిటి? అన్నం వార్చితే వచ్చే గంజి లాంటివే. ఆ గంజిలోని పిండే వెన్ననూ నీళ్లనూ చీజ్‌నూ విడిపోకుండా పట్టి ఉంచుతుంది. క్రీమ్ తర్వాత అమెరికాలో చేరింది. కొంజాక్ వాడితే గంజి రాదు. మైదా మనమే మానేశాం. పట్టి ఉంచేది ఏదీ లేని గిన్నెలో వెన్న, క్రీమ్ వేసి గలగలా మరిగిస్తే విరగక ఏమవుతుంది? కాబట్టి గంజి పని చేసేది ఇంకొకటి వెతకాలి.

అదృష్టం కొద్దీ అది ప్రతి బేకరీ ఫ్రిజ్‌లోనూ ఉంది. మామూలు అమూల్ ప్రాసెస్డ్ చీజ్. పార్మిజాన్ దొరకలేదని బాధపడనక్కర్లేదు, ఈ వంటకు ఇదే మేలు. ప్రాసెస్డ్ చీజ్‌లో ఎమల్సిఫైయింగ్ సాల్ట్స్ ఉంటాయి, కొవ్వునూ నీళ్లనూ కలిపి ఉంచే లవణాలవి. అందుకే అది ముద్దకట్టదు, నూనె వదలదు. రుచిలో పార్మిజాన్ ఘాటు రాదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. మిర్యాల పొడి కాస్త ఎక్కువ వేస్తే కొంత సర్దుకుంటుంది. పిజ్జా కోసం అమ్మే మోజరెల్లా మాత్రం వద్దు. అది సాగుతుంది తప్ప సాస్‌లో కరిగి కలవదు.

ఇద్దరికి కావలసినవి: నీళ్లు వంపేశాక 200 గ్రాములు తూగే కొంజాక్ పట్టీల ప్యాకెట్లు రెండు, 25 శాతం కొవ్వున్న ఫ్రెష్ క్రీమ్ 150 మిల్లీలీటర్లు, వెన్న 20 గ్రాములు, 25 గ్రాముల చీజ్ క్యూబులు రెండు, ఎల్లిగడ్డ రెబ్బలు నాలుగు, అప్పుడే దంచిన మిర్యాలు అర చెంచా. ఉప్పు ఆఖరున చూసి వేయాలి, చీజ్‌లోనూ వెన్నలోనూ ముందే ఉంటుంది. కోడి మాంసం వేసుకుంటే 150 గ్రాముల బోన్‌లెస్ ముక్కలు విడిగా వేయించి పెట్టుకోండి. సాస్‌లోనే ఉడకబెడితే వాటి నీరంతా అందులోకి దిగుతుంది.

కొంజాక్‌ను జల్లి గిన్నెలో వేసి, నల్లా కింద రెండు నిమిషాలు చేత్తో పిసుకుతూ కడగాలి. తర్వాత మరుగుతున్న నీళ్లలో చెంచా వెనిగర్, కాస్త ఉప్పు వేసి మూడు నిమిషాలు ఉంచి వార్చాలి. చేప వాసన క్షార గుణం ఉన్నది కాబట్టి పులుపు దాన్ని విరిచేస్తుంది. ఇక్కడితో పని అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. అసలు మెట్టు దీని తర్వాతే ఉంది.

మందపాటి పెనం ఖాళీగా వేడెక్కాక, నూనె చుక్క లేకుండా కొంజాక్‌ను పరిచి మధ్యస్థం మంట మీద కదుపుతూ ఉండండి. మొదట ఆవిరి దట్టంగా లేస్తుంది, పెనం అడుగున నీళ్లు చిటపటమంటాయి. ఐదారు నిమిషాలకు ఆవిరి పలచబడుతుంది. ఏడెనిమిది నిమిషాలకు గంటెతో కదిపినప్పుడు పట్టీలు పెనానికి రాసుకుని కీచుమంటాయి. తడి చలువరాతి మీద కొత్త చెప్పు జారినట్టుండే శబ్దం. మెరుపు పోయి పాల తెలుపు రంగుకు వస్తాయి. అప్పుడు దించాలి. తూకం వేస్తే ముందున్న బరువులో ఐదో వంతో నాలుగో వంతో తగ్గి ఉండాలి. ఆ తగ్గిన నీళ్లే, పెనం మీద పోగొట్టకపోతే, తర్వాత మీ పళ్లెంలో మడుగు కట్టేవి.

సాస్‌కు సన్న మంట చాలు. వెన్న కరిగాక సన్నగా తరిగిన ఎల్లిగడ్డ వేసి అర నిమిషం ఉంచండి, రంగు మారకూడదు. మారితే చేదు, పైగా తెల్లని సాస్‌లో గోధుమ రంగు చుక్కలు. క్రీమ్ పోసి అంచుల్లో చిన్న బుడగలు వచ్చేదాకా వేడిచేసి, రెండు మూడు నిమిషాలు అలాగే చిక్కబడనివ్వాలి. గంటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత పూడకుండా నిలవాలి. మామూలు పాస్తాకు ఇంత చిక్కదనం అక్కర్లేదు. గోధుమ పాస్తా సాస్‌ను కొంత పీల్చుకుంటుంది, కొంజాక్ చుక్క కూడా పీల్చదు, పైపైన అంటుకున్నదే రుచి. మంట ఆపి, తురిమిన చీజ్‌ను మూడు విడతలుగా వేసి కలపండి. పట్టీలు, మిర్యాల పొడి వేసి ఒక్క నిమిషం సన్న మంట మీద తిప్పి, వేడి చేసిన పళ్లెంలో వడ్డించాలి.

ఇంకా చిక్కదనం కావాలంటే కేకుల సామాను దుకాణాల్లో దొరికే జాంతన్ గమ్ చిటికెడంటే చిటికెడు చాలు. కరిగిన వెన్నలో ముందే కలిపాకే క్రీమ్ పోయాలి. నేరుగా క్రీమ్‌లో చల్లితే చేప కళ్లలాంటి ఉండలు కడుతుంది. పావు చెంచా దాటితే సాస్ జిగురు తీగలు సాగుతుంది, బెండకాయ పులుసు గుర్తొస్తుంది. గుడ్డు పచ్చసొన కూడా ఇదే పని చేస్తుంది. కానీ పొయ్యి దించాకే వేయాలి, 65 డిగ్రీలు దాటాక అది గట్టిపడుతూ పోయి కోడిగుడ్డు పొరటు అవుతుంది.

సాస్ విరిగి పైన వెన్న చుక్కలు తేలితే పారబోయకండి. పొయ్యి మీంచి దించి, ఫ్రిజ్‌లోని చల్లటి క్రీమ్ రెండు చెంచాలు వేసి జోరుగా గిలక్కొడితే చాలాసార్లు మళ్లీ కలుస్తుంది.

క్రీమ్ బదులు ఇంటి మీగడ వాడొచ్చా? వాడొచ్చు, ఒక షరతు మీద. వెన్న తీయడానికని వారం రోజులు కూడబెట్టే మీగడలో మనవాళ్లు చెంచా పెరుగు తోడు వేస్తారు. ఆ పుల్లని మీగడ వేడి తగలగానే విరుగుతుంది. అదే రోజు కాచిన పాల మీగడ అయితేనే పనికొస్తుంది. పాలు 6 శాతం కొవ్వున్న ఫుల్ క్రీమ్‌వో, చిక్కటి బర్రె పాలో కావాలి. 3 శాతం టోన్డ్ పాల మీగడ సరిపోదు. మిక్సీలో ఐదారు సెకన్లకు మించి తిప్పితే క్రీమ్ కాదు, వెన్న చేతికొస్తుంది. ప్యాకెట్ క్రీమ్ అయితే కత్తిరించే ముందు ఫ్రిజ్‌లో బాగా చల్లబరచాలి. మన ఎండాకాలంలో బయట పెట్టినదాన్ని కత్తిరిస్తే పలచటి నీరు ముందు కారుతుంది.

అంత ఖర్చు పెట్టి కొంజాకే ఎందుకు అనేవాళ్లకూ జవాబుంది. ఇంగ్లిష్ వంటల్లో పాస్తా బదులు పట్టీలుగా గీసి వాడే జుకినీ అనే కాయ ఇక్కడి రైతు బజార్లలో దొరకడం కష్టం. దాని పని లేత సొరకాయ చేస్తుంది, ఒక్క కొంజాక్ ప్యాకెట్ ధరకు కిలోల లెక్కన వస్తుంది. గోరు గుచ్చితే దిగేంత లేతది తీసుకుని, ముందు చిన్న ముక్క నమిలి చూడండి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయాల్సిందే. చేదు సొరకాయ విషంతో సమానం, ఉడికించినా ఆ గుణం పోదు. చెక్కు తీసి, తొక్క తీసే పీలర్‌తోనే పొడవాటి పట్టీలుగా గీయండి, కూరగాయను దారాల్లా తీసే స్పైరలైజర్ కొనక్కర్లేదు. గింజల మెత్తని గుజ్జు దాకా వచ్చాక ఆపేయాలి. 300 గ్రాములకు అర చెంచా ఉప్పు కలిపి 20 నిమిషాలు ఉంచి, బట్టలో కట్టి గట్టిగా పిండాలి. వేడి పెనం మీద ఒక్క నిమిషం, అంతే. నీళ్లలో ఉడకబెడితే సొరకాయ కూరే అవుతుంది. నమలడానికి ఏమీ ఉండదన్నదే దీని లోపం.

మూడో దారి కోడిగుడ్డు అట్టు. రెండు గుడ్లు, 30 గ్రాముల పనీర్ మిక్సీలో మెత్తగా తిప్పి, నాన్‌స్టిక్ పెనం మీద పలచటి అట్లు పోసి, చల్లారాక చుట్టి పట్టీలుగా కోయాలి. సాస్ పట్టుకోవడంలో మూడింట్లో ఇదే ముందు. గుడ్డు వాసన పడనివాళ్లకు నచ్చదు. మా తీర్పు అడిగితే నమలడానికి కొంజాక్, రుచికి గుడ్డు పట్టీలు, సగం సగం కలిపితే ప్యాకెట్ ఖర్చూ సగమవుతుంది. కొంజాక్ ఒక్కదానితోనే చేసిన పళ్లేనికి ఐదుకు మూడు మార్కులు. పెనం మీద ఎండబెట్టకుండా చేస్తే ఒకటి.

కొనేటప్పుడు ముందు వైపు రాసిన ‘కీటో’ (కార్బ్ బాగా తగ్గించే తిండి పద్ధతి) మాట వదిలేసి వెనక వైపు చూడండి. కొన్ని రకాల్లో కొంజాక్ పిండితో పాటు సగ్గుబియ్యపు పిండో, ఆలుగడ్డ పిండో, బియ్యప్పిండో కలుపుతారు. దానితో మెత్తదనం వస్తుంది, కార్బ్ కూడా వస్తుంది. తూకంలో నీళ్లు కాకుండా సరుకు ఎంతో చూడాలి. ఉబ్బిన ప్యాకెట్ వస్తే వెనక్కి పంపండి. డీప్ ఫ్రీజర్‌లో ఎప్పుడూ పెట్టొద్దు, గడ్డకట్టి కరిగితే నీరంతా వదిలేసి స్పాంజి ముక్కలా మారుతుంది. సీసాలో వచ్చే రెడీమేడ్ ఆల్‌ఫ్రెడో సాస్‌లకూ ఇదే పరీక్ష. పదార్థాల వరుసలో మైదా, కార్న్‌ఫ్లోర్, స్టార్చ్ కనిపిస్తే మీరు మానేసింది వెనక గుమ్మంలోంచి వచ్చినట్టే.

లెక్క కూడా దాచకూడదు. పైన చెప్పిన కొలతలకు ఒక్కో పళ్లెంలో కార్బ్ 7, 8 గ్రాములు దాటదు, సొరకాయతో అయితే పది పన్నెండు. కానీ క్రీమ్, వెన్న, చీజ్ కలిసి పళ్లేనికి 330 క్యాలరీల చుట్టూ ఉంటాయి, కోడి మాంసం కాక. బరువు తగ్గడానికే చేసేవాళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి. ఇన్సులిన్ మీదో, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రల మీదో ఉన్నవాళ్లు ఉన్నట్టుండి ఒక పూట కార్బ్ ఇంతగా తగ్గిస్తే షుగరు పడిపోవచ్చు. డాక్టరును అడిగి మొదలుపెట్టండి. కొంజాక్ సులువుగా తెగదు, మింగడంలో ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లకూ చిన్నపిల్లలకూ పెట్టకపోవడం మంచిది. మిగతావాళ్లు కూడా కత్తెరతో రెండంగుళాల ముక్కలు చేసుకుని, బాగా నమిలి, నీళ్లు తాగుతూ తినాలి.

మిగిలితే ఫ్రిజ్‌లో ఒక రోజు ఆగుతుంది. మళ్లీ వేడి చేయడానికి మైక్రోవేవ్ వద్దు, సాస్ విరుగుతుంది. గిన్నెలో చెంచాడు పాలు పోసి, సన్న మంట మీద, మూత పెట్టకుండా. మూత పెడితే ఆవిరి నీళ్లయి, పెనం మీద అంతసేపు పోగొట్టిన నీళ్లు మళ్లీ గిన్నెలోకే వస్తాయి.